గలిలయ ఒడ్డున కాసేపు

నీ దగ్గరికి దిగి రావాలి. దేవుణ్ణి చూడడానికి కొండ ఎక్కడం మాకు అలవాటు. మెట్లు లెక్కపెట్టుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ పైపైకి పోవడమే యాత్ర అనుకుంటాం. నువ్వు మాత్రం, గలిలయ సముద్రమా, కిందికి రమ్మంటావు. నజరేతు దాటాక బస్సు వంపులు తిరుగుతూ దిగడం మొదలుపెడుతుంది. దారి పక్కన ఒక బోర్డు కనిపిస్తుంది, సముద్ర మట్టం ఇదేనని. అక్కడితో ఆగదు బస్సు. ఇంకా దిగుతుంది. చెవులు దిబ్బళ్లు పడతాయి. మామిడి తోటలు వస్తాయి, వల కప్పిన అరటి తోటలు వస్తాయి, సీట్లలోంచి "అదిగో మామిడి!" అని మన గొంతులే లేస్తాయి. అప్పుడు, సముద్ర మట్టానికి 210 మీటర్ల దిగువన, కొండల నడుమ, నీలంగా నువ్వు. భూమ్మీద ఇంత లోతట్టున మంచినీటి సరస్సు మరొకటి లేదు.

గెన్నేసరెతు అన్నారు నిన్ను. తిబెరియ అన్నారు, కిన్నెరెతు అన్నారు. నిలువు 21 కిలోమీటర్లు, అడ్డం 13. మా కొల్లేరు నీకంటే పెద్దది, దాన్ని ఎవరూ సముద్రం అనలేదు. అయినా నిన్ను చూడగానే సముద్రమనే నోటికొస్తుంది. సండే స్కూల్లో చాప మీద కూర్చుని నేర్చుకున్న మాట అది, సర్వేయర్లు వచ్చి కొలిచి చెప్పినా మారదు.

నీ దగ్గరికి వచ్చేవాళ్లందరూ అలిసే వస్తారు. మా వైపు నుంచి హోలీ ల్యాండ్ టూర్ అంటే చాలావరకు అమ్మాన్‌లో విమానం దిగడంతో మొదలు. నెబో కొండ మీద నిలబడి మోషే చూసిన దేశాన్ని చూడడం, యొర్దాను మీది అల్లెన్‌బీ వంతెన దగ్గర పాస్‌పోర్టులు పట్టుకుని గంటలకు గంటలు క్యూలో నిలబడడం, ఆ తర్వాత యెరికో, బేత్లెహేము, యెరూషలేము, నజరేతు, కానా, తిబెరియ. మళ్లీ దక్షిణానికి తిరిగి తాబా దగ్గర ఐగుప్తులోకి, సీనాయికి, కైరోకి. మూడు దేశాలు, వారం పది రోజులు. ప్రోగ్రాం షీటులో రోజుకు ఆరేడు స్థలాలు. ఒక్కోచోట దిగడం, గైడు చెప్పింది వినడం, పాస్టరుగారు వాక్యం చదివి చిన్న ప్రార్థన చేయడం, ఫొటో, బాత్రూం, తలలు లెక్కపెట్టుకోవడం, బస్సెక్కడం. యేసు నడిచిన చోటల్లా మనం పరుగెత్తుతాం. ఏళ్ల తరబడి ఆయన కాలినడకన తిరిగిన ఊళ్లను రెండు పూటల్లో చుట్టేసి, "ఈరోజు అన్నీ కవరయ్యాయి" అని రాత్రి ఇంటికి ఫోను చేస్తాం.

తప్పు పట్టడానికి లేదులే. ఈ బస్సులో కూర్చున్నవాళ్లలో తీరిక ఎక్కువై తిరిగేవాళ్లు తక్కువ. చీటీ పాడినవాళ్లున్నారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఇంత పక్కన పెట్టుకున్నవాళ్లున్నారు. కొడుకో కూతురో అమెరికా నుంచి పంపితే వచ్చినవాళ్లున్నారు. ప్రభుత్వ సాయంతో గడప దాటినవాళ్లూ ఉన్నారు: ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్న యాత్రికులకు ఇచ్చే సాయాన్ని 2019లో 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచారు, ఆపై ఆదాయం ఉన్నవాళ్లకు 30 వేలు చేశారు. జీవితంలో ఒక్కసారి వచ్చే యాత్ర. ఒక్క స్థలం తప్పినా అప్పు మిగిలిపోయినట్టే ఉంటుంది. అందుకే ఈ బస్సులో కాళ్లు నొప్పులని ఎవరూ అనరు. "ఇంత దూరం తిని పడుకోవడానికి వచ్చామా?" అని పక్క సీటువాళ్లు అంటారేమోనని మొహమాటం.

ఆ మొహమాటం పోగొట్టే నీరువి నువ్వు. ఎందుకంటే ఆయన నిద్రపోయింది నీ మీదే.

సువార్తలు ఆయన ఏడ్చిన సంగతి చెప్పాయి, ఆకలిగొన్న సంగతి చెప్పాయి, దాహమన్న సంగతి చెప్పాయి. నిద్రపోతూ ఉండగా చూపించింది మాత్రం ఒక్కసారే. అదీ నడి నీళ్లలో, పడవ వెనుక భాగాన, తలగడ మీద తల పెట్టుకుని. పగలంతా ఒడ్డున జనానికి ఉపమానాలు చెప్పి చెప్పి గొంతు అరిగిన మనిషి. సాయంత్రం పడవెక్కాడు, ఒరిగాడు, ఒళ్లు తెలియకుండా పోయాడు. గాలి లేచింది. నీ గాలి సంగతి నీ జాలర్లకు తెలుసు. వేసవిలో మధ్యాహ్నం దాటేసరికి మధ్యధరా నుంచి వచ్చే గాలి గలిలయ కొండలు దాటి నీ గుంటలోకి జారుతుంది, అప్పటిదాకా నూనె పోసినట్టున్న నీళ్లు చిటికెలో నురగలు కక్కుతాయి. చలికాలంలో తూర్పు గాలి గోలాను గట్టు మీదినుంచి దూకుతుంది, అది మరీ పొగరుది. చిన్నప్పటినుంచి నీ మీదే బతికిన సీమోను, అంద్రెయ, యాకోబు, యోహాను కూడా ప్రాణాల మీద ఆశ వదులుకున్న రాత్రి అది. పడవలోకి నీళ్లు వస్తున్నాయి. ఆయన మాత్రం నిద్రలోనే ఉన్నాడు. లేచి ఆయన గాలిని గద్దించిన మాట గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ మాటకు ముందున్న నిద్ర గురించి ఒక్కటీ వినలేదు. వినాలని ఉంది.

నీకు స్తోత్రం, ఆ నిద్రను మోసిన నీళ్లకు.

ఇంకోసారి ఆయనే శిష్యులను రమ్మని పిలిచాడు, కాస్త విశ్రాంతి తీసుకుందామని. ఊళ్లు తిరిగి వచ్చారు వాళ్లు, వచ్చేవాళ్లతోనూ పోయేవాళ్లతోనూ అన్నం తినడానికి కూడా వీల్లేకుండా ఉంది. అందరూ పడవెక్కి మనుషుల్లేని చోటికి బయలుదేరారు. జనం ఊరుకుంటారా? ఒడ్డు పట్టుకుని నడిచి, పరుగెత్తి, వీళ్లకంటే ముందే అక్కడికి చేరారు. ఐదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం అలా చెడిపోయిన ఒక సెలవు రోజున జరిగింది. అప్పుడు కూడా తిండి పెట్టేముందు ఆయన చేసిన పని ఏమిటి? అందరినీ పచ్చిక మీద కూర్చోబెట్టడం. బంతులు తీర్చి కూర్చోబెట్టిన తర్వాతే వడ్డన. నిలబెట్టి పెట్టలేదు ఎవరికీ.

ఆ చోటని తరతరాలుగా చూపించే తాబ్గా నీ వాయవ్యపు ఒడ్డున ఉంది. ఏడు ఊటలున్న చోటు. ఇప్పుడున్న రాతి గుడి 1982 నాటిది, దాని నేల మాత్రం ఐదో శతాబ్దానిది. బలిపీఠం ముందు వంగి చూస్తే గోరంత రాళ్లతో పొదిగిన బుట్ట, బుట్టలో సిలువ గుర్తున్న రొట్టెలు, అటూ ఇటూ రెండు చేపలు. రొట్టెలు నాలుగే కనిపిస్తాయి. ఐదోది బల్ల మీద, ప్రతి ఆరాధనలోనూ ఉందిగా అని గైడు చెబుతాడు. అందరూ ఆ బుట్టను ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పక్క భాగాల్లో పరిచిన నేలను చూసేవాళ్లు తక్కువ. అక్కడ బాతులున్నాయి, కొంగలున్నాయి, తామరలున్నాయి, నీటిగడ్డి ఉంది. వాక్యానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఆ పని చేసినవాడెవడో ఒక సాయంత్రం ఏ నీటి ఒడ్డునో ఊరికే కూర్చుని ఉంటాడు. తామర మొగ్గ మీద వాలిన పిట్ట బరువుకు కాడ ఎంత వంగుతుందో చూసి ఉంటాడు. ఆ వంపు పదిహేను వందల ఏళ్లుగా అలాగే ఉంది. గుడిలోకి అలాంటి తీరిక చూపును రానిచ్చిన పెద్దలు ఎవరోగానీ, వాళ్లకు నా వందనాలు.

గుడి దాటి నాలుగడుగులు వేస్తే నల్లరాతి చిన్న చర్చి, నీళ్లను ఆనుకుని. 1933లో ఫ్రాన్సిస్కన్లు కట్టారు. లోపల చదును లేని ఒక బండ. పునరుత్థానం తర్వాత ఆయన శిష్యులకు పొద్దున్నే ఫలహారం పెట్టిన చోటంటారు. రాత్రంతా వల వేసి ఏమీ దొరకని మనుషులు, తెల్లవారేసరికి ఒడ్డున నిప్పులు, నిప్పుల మీద చేప, పక్కన రొట్టె. మరణాన్ని గెలిచి వచ్చినవాడు చేసిన పనుల్లో పొయ్యి రాజేయడం ఒకటి. ముందు తిననిచ్చాడు. పేతురును అడగాల్సిన కష్టమైన ప్రశ్నలన్నీ తిన్నాకనే. నూటయాభై మూడు చేపల అంకెకు అర్థాలు వెతికిన పండితులున్నారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లకైతే ఆ పొద్దున నిప్పులు ఎవరు రాజేశారన్నదే ముందు తోస్తుంది.

ఇక్కడే ఒక పెద్దావిడ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన అమ్మమ్మగారు, బండ ముందు ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చింది. గులకరాళ్ల ఒడ్డున కూర్చుంది. యాత్ర కోసం మనవడు కొనిచ్చిన గట్టి బూట్లు, తాళ్లు రెండు ముళ్లు పడి ఉన్నాయి. ఓపికగా విప్పింది. సాక్సు ఊడదీస్తే పాదం చుట్టూ ఎలాస్టిక్కు అచ్చు దిగి ఎర్రగా ఉంది, మడమ దగ్గర పొక్కు, దాని మీద ముందురోజు వేసిన బ్యాండెయిడ్ సగం ఊడింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని పాదాలు నీళ్లలో పెట్టింది. వేలెడంత చేపపిల్లలు వచ్చి మడమ దగ్గర చేరాయి. "ఓరి మీ అమ్మ కడుపు కాల, చక్కిలిగిలి!" అని కేక పెట్టింది. గైడు గడియారం చూశాడు. పాస్టరుగారు గైడును చూశారు. "కూర్చోనీయండి," అన్నారు. ఆయన కూడా చెప్పులు విప్పారు. తర్వాత ఒకరి వెనక ఒకరు బస్సు మొత్తం విప్పింది.

పాదాలు కడిగించుకోవడానికి మొహమాటపడ్డ పేతురు ఊరివాడివేగా నువ్వు, నీకు తెలుసు అలిసిన పాదం సంగతి.

గినోసార్‌లో నీ పడవ ఉంది. 1986 జనవరి. వరుస కరువుకు నీ నీళ్లు బాగా వెనక్కి పోయి, ఎప్పుడూ పొద్దు చూడని బురద బయటపడింది. ఆ ఒడ్డు కిబ్బుట్జ్‌లో, అంటే ఉమ్మడిగా బతికే పల్లెలో, ఉండే లూఫాన్ అన్నదమ్ములు, మోషే, యువాల్, ఆ బురదలో కర్ర అంచు ఒకటి చూశారు. తవ్వితే రెండు వేల ఏళ్ల నాటి పడవ. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండున్నర మీటర్ల లోపు. నీళ్లలో నానిన కర్ర గాలి తగిలితే పొడైపోతుంది, అటు నీళ్లేమో మళ్లీ పెరుగుతున్నాయి. రాత్రింబవళ్లు తవ్వి, ఒళ్లంతా పాలియురిథేన్ నురగతో చుట్టి, తేల్చుకుంటూ ఒడ్డుకు తెచ్చారు. తర్వాత ఏళ్ల తరబడి మైనం లాంటి మందు కలిపిన తొట్టిలో నానబెట్టారు. 2000 సంవత్సరానికి గానీ జనం చూడ్డానికి సిద్ధం కాలేదు.

ఇప్పుడది ఇనుప చట్రం మీద, చల్లని గదిలో కుదురుగా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పడవ చేసినవాడి చేతిలో డబ్బు లేదని తెలిసిపోతుంది. పలకలు ఎక్కువగా దేవదారు, లోపలి పక్కటెముకలు సింధూరం. మిగతాది ఏది దొరికితే అది: రేగు, మేడి, పైన్, ఇంకా ఏవేవో. మొత్తం పది పన్నెండు రకాల చెట్లు. పాత పడవల ముక్కలు కోసి తెచ్చి వేశారు, పోయిన చోట అతికారు, అతికిన చోట మళ్లీ అతికారు. మా అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంత ఇంతే. చివరికి ఇక పనికిరాదనుకున్నాక, ఉపయోగపడే చెక్కలన్నీ ఊడదీసుకుని, మిగిలిన ఒంటిని నీలోకి తోసేశారు. ఇది ఆయన ఎక్కిన పడవని ఎవరూ చెప్పలేదు, చెప్పలేరు. ఆ కాలపుదని మాత్రం తేలింది. నాకది చాలు. అంత పనిచేసిన పడవకు నీ బురద రెండు వేల ఏళ్లు పడుకోవడానికి చోటిచ్చింది, ఆ సంగతి మరీ చాలు.

మధ్యాహ్న భోజనం నీ ఒడ్డునే. పళ్లెం పట్టనంత చేప, తల, తోక, రెక్కలతో సహా నిండుగా వేయించి తెస్తారు. పక్కన నిమ్మచెక్క, కాసిని బంగాళాదుంప ముక్కలు. పేతురు చేప అని పేరు. భీమవరం దగ్గర చెరువులు చేసే ఒకాయన మా బస్సులో ఉన్నాడు. ఫోర్కు పక్కన పెట్టి, వేలితో చేప మొప్ప ఎత్తి చూశాడు, వీపు మీది ముల్లు చూశాడు, తిరగేసి కడుపు చూశాడు.

"అయ్యగారూ, ఇది తిలాపియా కాదండీ?"

"ఆ జాతేనంట బ్రదర్. ఇక్కడ ముష్త్ అంటారు, పేతురు చేపని కూడా అంటారు."

"ఎవరి చేపైతేనేంలెండి, తాజాగా ఉంది. ఉప్పూ కారం పట్టించకుండా అన్యాయం చేశారు."

అంతే, సంచుల్లోంచి ఆవకాయ సీసా, గోంగూర, కరివేపాకు కారం బయటికొచ్చాయి. ప్లాస్టిక్ కవరు విప్పగానే వచ్చిన ఇంగువ వాసనకు పక్క బల్ల దగ్గరి కొరియా యాత్రికులు తల తిప్పి చూశారు. వాళ్లకూ ఒక చెంచా వెళ్లింది. నీ పడమటి గాలి కిటికీలోంచి వచ్చి కాగితం నాప్‌కిన్లన్నీ ఎగరేసింది. పేతురు అత్త జ్వరం తగ్గగానే లేచి ఉపచారం చేసిన ఊరు ఇక్కడికి దగ్గరే కదా. కపెర్నహూములో నల్లరాతి ఇళ్ల పునాదులున్నాయి, నల్ల పునాది మీద తెల్లరాతి సమాజమందిరం ఉంది, పేతురు ఇల్లని చెప్పే గోడల మీద 1990లో కట్టిన ఎనిమిది పలకల చర్చి ఉంది, మధ్యలో అద్దపు నేలలోంచి కిందికి చూడొచ్చు. చూశాం, దండం పెట్టుకున్నాం. ఎండ మండిపోతోంది, తుమ్మెదలు కూడా నీడకు పోయాయి.

నీడ సంగతి వస్తే ఒక మాట చెప్పాలి. ఈ యాత్రలో పరిశుద్ధమని చూపించే చోట్లను ఒక్కసారి వరసపెట్టి చూడు. నడిచి నడిచి అలిసిన మనిషి మిట్టమధ్యాహ్నం నీళ్లు అడిగి కూర్చున్న బావి సమరయలో ఉంది, ఇప్పుడు దాని మీద గ్రీకు చర్చి కట్టారు, బావి మాత్రం కింద అలాగే ఉంది. బేతనియలో రెండు అక్కచెల్లెళ్ల ఇల్లుంది, పండుగకు పోతూ వస్తూ ఆయన బస చేసిన ఇల్లు, ఒకావిడ వంటింట్లో చిరాకు పడుతుంటే ఒకావిడ పాదాల దగ్గర కూర్చుంది. బెయేర్షెబా దాటి అడవిలో ఏలీయా చావాలనిపించి ఒక చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత ఉపదేశమేమీ చేయలేదు. రొట్టె కాల్చి పెట్టింది, నీళ్లు పెట్టింది, తిని మళ్లీ పడుకోనిచ్చింది. తర్వాతే లేపి నలభై రోజుల దారి చూపింది. సీనాయి కొండ అర్ధరాత్రి ఎక్కేటప్పుడు, ఒంటెలు ఆగిపోయాక, చివరి ఏడు వందల యాభై మెట్లకు ముందు ఒక పల్లం వస్తుంది. దాని పేరు ఏలీయాదే. బెదూయిన్ల టీ కొట్లలో కిరోసిన్ దీపాలు, కంబళ్లు, చక్కెర దండిగా వేసిన టీ. శిఖరం మీద సూర్యోదయం అందరూ చెప్పుకుంటారు. నన్ను అడిగితే ఆ పల్లంలో, వీపు రాతికి ఆనించి, చేతుల మధ్య వేడి గ్లాసు పట్టుకున్న పది నిమిషాలకే కొండ ఎక్కిన ఫలం దక్కింది.

అన్నీ ఎవరో కూలబడ్డ చోట్లే. కూలబడ్డ మనిషికి ఎవరో ఇంత నీళ్లో రొట్టో నీడో ఇచ్చిన చోట్లు. వాటి మీదే గోపురాలు లేచాయి. గోపురం చూడ్డానికి మనం నిలబడే ఉంటాం.

యెరూషలేముకు ఇది చెప్పినా వినదు. అది రాళ్ల ఊరు, ఎక్కుడు దిగుళ్ల ఊరు, మూడు మతాల గంటలూ కేకలూ కలిసే ఊరు. అక్కడ కూర్చుంటే వెనకనుంచి ఇంకో గుంపు వచ్చి తోస్తుంది. గెత్సేమనేలో ఒలీవల కింద కూడా కంచె బయటే నిలబడాలి. అందులోనూ న్యాయముంది, ఆ తోటలో నిద్రపోయినందుకు శిష్యులు మాట పడ్డారు. నిద్రకు అన్ని వేళలూ కావు.

ఉప్పు సముద్రం వేరు. నువ్వు పంపిన యొర్దానే అక్కడికి చేరుతుంది, చేరి ఇక ఎక్కడికీ పోదు. సముద్ర మట్టానికి 430 మీటర్ల దిగువన, మామూలు సముద్రానికి పదింతలు ఉప్పు. జోర్డాన్ దేశపు మాదబాలో ఆరో శతాబ్దపు చర్చి నేల మీద పరిచిన పటంలో యొర్దాను చేప ఒకటి ఆ ఉప్పు అంచుదాకా వచ్చి, మొహం తిప్పుకుని ఎదురు ఈదుతూ ఉంటుంది. చేపకు పనికిరాని నీళ్లలో మా వాళ్లు మాత్రం హాయిగా తేలారు. ఈత రాని ఆడవాళ్లు, జన్మలో చెరువులో దిగనివాళ్లు, పంజాబీ డ్రెస్సుల్లో, నైటీల్లో, చున్నీ నడుముకు బిగించి, వెల్లకిలా. ఒళ్లు బరువు తెలియకపోవడం ఎలా ఉంటుందో అరవయ్యేళ్లకు తెలిసింది వాళ్లకు. నల్ల బురద మొహానికి రాసుకుని ఒకరినొకరు గుర్తుపట్టలేక నవ్వారు. పదిహేను నిమిషాలకు మించి ఉండొద్దంటారు. ఉన్నారు.

శుక్రవారం పొద్దు గుంకే వేళకు తిబెరియలో ఉన్నాం. హేరోదు అంతిపా కట్టించిన ఊరు, యూదులకు నాలుగు పరిశుద్ధ పట్టణాల్లో ఒకటి. ఊరి దక్షిణాన రోమా కాలం నుంచీ జనం స్నానాలు చేసిన వేడినీటి బుగ్గలున్నాయి. కొట్లు ఒక్కొక్కటే షట్టర్లు దించాయి. సిటీ బస్సులు ఆగిపోయాయి. హోటల్లో కాఫీ మిషను మీద గుడ్డ కప్పారు. లిఫ్టుల్లో ఒకటి బటన్ నొక్కే పని లేకుండా తనంతట తానే ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తెరిచి, మూసుకుని, మళ్లీ కదులుతోంది. విశ్రాంతి దినాన మీట నొక్కడమూ పనే. అది తెలియక ఎక్కిన మావాళ్లు ఎనిమిదో అంతస్తుకు పోవడానికి ఎనిమిది చోట్ల ఆగి, ప్రతిచోటా ఎవరో ఒకరికి వందనాలు చెప్పి, పైకి చేరేసరికి హోటల్లో సగం మంది పరిచయమయ్యారు. కింద భోజనాల హాల్లో తెల్లచొక్కాల తండ్రులు, జడలు వేసుకున్న ఆడపిల్లలు, బల్లల మధ్య పరుగులు పెట్టే చంటివాళ్లు. ఫోన్లు ఎవరి చేతుల్లోనూ లేవు. మనం ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ మీటింగు, మీటింగు అయ్యాక లెక్కలు, లెక్కలయ్యాక పోట్లాటా పెట్టుకుంటాం. పది ఆజ్ఞల్లో దొంగిలవద్దు, చంపవద్దు అన్నవాటి పక్కనే, వాటికంటే ముందే, పని ఆపమని ఉంది. దాని మీద మాత్రం మనకు పట్టింపు లేదు.

ఆ రాత్రి నీ ఒడ్డున బెంచీల మీద కూర్చున్నాం. ఎదుటి గట్టున దీపాలు. ఆ గట్టు గోలాను. నీ చుట్టూ ఉన్న కొండలు ఎన్ని ఫిరంగులు చూశాయో నీకు తెలుసు. 2023 అక్టోబరు తర్వాత యుద్ధంతో యాత్రా బస్సులు దాదాపు కనబడకుండా పోయి, గైడులూ డ్రైవర్లూ పడవవాళ్లూ ఖాళీ చేతులతో కూర్చున్న రోజులూ నీకు తెలుసు. వానలు తక్కువైతే నీ నీళ్లు హెచ్చరిక గుర్తైన ఎర్రగీత దాకా దిగుతాయి, పేపర్లు నీ మట్టాన్ని వేస్తాయి, దేశమంతా నీ అంగుళాలు లెక్కపెడుతుంది. ఇన్ని కళ్లు నీ మీద పెట్టుకుని కూడా పొద్దున్నే ఏమీ ఎరగనట్టు తేటగా ఉంటావే, ఆ తేటదనానికి స్తోత్రం. ఉత్తరాన యొర్దానును తీసుకుని దక్షిణాన మళ్లీ యొర్దానుకే ఇచ్చేసే నీ చేతికి స్తోత్రం. నీ అడుగున వల చిక్కుకుని మిగిలిన రాతి గుండ్లకు, గట్టున మేకలు కాసే పిల్లాడికి, వలస పోతూ నీ మీద దిగి రెక్కలు ముడుచుకునే పెలికాన్లకు స్తోత్రం. 

చివరి పూట పడవ ఎక్కాం. పాత పద్ధతిలో కట్టినట్టుండే పెద్ద చెక్క పడవ, లోపల డీజిల్ ఇంజను. ఒడ్డు దాటగానే పడవవాళ్లు మన మూడు రంగుల జెండా పైకెత్తారు, స్పీకర్లో జనగణమన వేశారు. గలిలయ నడుమ అందరూ సావధానంగా నిలబడ్డారు, అమ్మమ్మగారు బూట్లు లేకుండానే. ఇంజను ఆపారు. కీర్తనలయ్యాయి. పడవ కుర్రాడు వల తీసుకుని, పేతురు ఎలా వేశాడో చూడండంటూ విసిరాడు. సగం విచ్చుకుని ముద్దగా పడింది. భీమవరం ఆయన ఉండబట్టలేక లేచాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇటివ్వు." వాడికి తెలుగు రాదు, చెయ్యి చూస్తే అర్థమైంది. ఆయన కొంగొకటి పంటి కింద పట్టాడు, మిగతాది మోచేతి మీద సర్దుకున్నాడు, నడుము తిప్పి ఒక్క విసురు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీ మీద పరుచుకుంది. పడవంతా చప్పట్లు. లాగితే చేప లేదు, నాచు వచ్చింది. "కుడి పక్క వేయండి బ్రదర్, కుడి పక్క!" అని వెనకనుంచి పాస్టరుగారు. కుడి పక్క వేశాడు. మళ్లీ నాచే. అప్పుడే పడమటి గాలి దిగింది, నీ అల ఒకటి అంచు దాటి ముందు వరసంతా తడిపేసింది, చీరలు పట్టుకుని కెవ్వుమన్నారు, ఇంకో చుట్టు తిప్పమని అడిగారు. కుదరదన్నాడు కుర్రాడు, రేవు వైపు వేలు చూపిస్తూ. అక్కడ నైజీరియా నుంచి వచ్చిన గుంపు ఎర్రటి, పసుప్పచ్చటి బట్టల్లో వరసకట్టి, మనం దిగకముందే పాట ఎత్తుకుంది.